లాంచెస్టర్ నుంచి లోకం విప్పుకుపోయినవి

ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ గురించి ఏ వ్యాసం తెరిచినా చివరికి ఒకటే తీర్పు. కాలం కంటే ముందు పుట్టాడు, అందుకే గెలవలేకపోయాడు. 1896లో పెట్రోలు కారు నడిపాడు. 1902లో డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. ఇంజను అదురుకి లెక్క కట్టి మందు కనిపెట్టాడు. రైట్ సోదరులు ఎగరక ముందే విమానం రెక్కను గాలి ఎలా మోస్తుందో ఆలోచించాడు. 1946లో చేతిలో డబ్బు లేకుండా బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశాడు. ఇవన్నీ నిజాలే. ఆ తీర్పే నాకు మింగుడు పడదు.

ఎందుకంటే అతని ఆలోచనలన్నిటికీ ఒకే గతి పట్టలేదు. కొన్ని పదీ పదిహేనేళ్ళలో పక్క కంపెనీల ఇంజన్లలోకి ఎక్కాయి. కొన్ని యాభై ఏళ్ళు మూలన పడి ఉండి తర్వాత లేచాయి. కొన్ని అతని కారుతోపాటే పోయాయి. బుర్ర ఒకటే, కాలం ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? నాకు తోచేది ఇది: బోల్టులు విప్పి ఇంకొకడి బండికి బిగించుకోగలిగినవి బతికాయి, మొత్తం బండిని కలిపి చూస్తే తప్ప అర్థం కానివి పోయాయి. ఈ వాదనలో బొక్కలున్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

రెండు క్రాంకులు, ఆరు రాడ్లు

లాంచెస్టర్ 1868లో లండన్‌లో పుట్టాడు. తండ్రి ఆర్కిటెక్టు. చదువు సౌత్ కెన్సింగ్టన్‌లో సాగినా డిగ్రీ చేతికి రాలేదు. 1889లో బర్మింగ్‌హామ్ సాల్ట్‌లీలో గ్యాస్ ఇంజన్లు చేసే ఫార్వర్డ్ కంపెనీలో చేరాడు. అక్కడే ఇంజను వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరుకి, ఇంజను స్టార్టరుకి పేటెంట్లు తీసుకున్నాడు. కారు జోలికి రాకముందే ఇంజను ఎందుకు అదురుతుందో వంటబట్టించుకున్న మనిషి. ఆనాటి కార్ల తయారీదార్లలో సైకిళ్ళ వాళ్ళు, గుర్రబ్బండ్ల వాళ్ళు ఎక్కువ కనక ఇది చిన్న విషయం కాదు.

మొదటి కారులో ఒకే సిలిండరు, 5 హార్స్‌పవర్. అది చాలక 1897లో దాని స్థానంలో రెండు సిలిండర్ల ఇంజను పెట్టాడు. ఆ ఇంజను బొమ్మ చూడగానే ఎవరికీ బోధపడదు. రెండు పిస్టన్లు అడ్డంగా, ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో ఒకదానిపైన ఒకటిగా రెండు క్రాంక్ షాఫ్టులు, అంటే పిస్టను ఊపుని తిరుగుడుగా మార్చే ఇరుసులు. అవి ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగుతాయి, తిరుగుడుని నిలకడగా ఉంచే బరువు చక్రం, ఫ్లైవీలు, దేనిది దానిదే. ప్రతి పిస్టనూ రెండు క్రాంకులకీ కట్టి ఉంటుంది. మధ్యలోని లావు రాడ్డు ఒక క్రాంకుకి, దానికి అటూ ఇటూ ఉన్న రెండు సన్న రాడ్లు ఇంకో క్రాంకుకి. పిస్టనుకి మూడు చొప్పున మొత్తం ఆరు కనెక్టింగ్ రాడ్లు.

ఇంత తంటా దేనికంటే, మామూలు ఇంజనులో రాడ్డు ఒక పక్కకి వాలి తోస్తుంది కనక పిస్టను సిలిండరు గోడకి ఒత్తుకుంటుంది. ఇక్కడ ఒక రాడ్డు పైకి వాలితే ఇంకోటి కిందికి వాలుతుంది, పక్క ఒత్తిళ్ళు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. సిలిండరులో మంట అంటుకున్నప్పుడు క్రాంకు ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది, ఆ దెబ్బకి చాసిస్ ఎదురు దిశలో ఒరగబోతుంది. ఇక్కడ రెండు ఫ్లైవీళ్ళు ఎదురెదురుగా తిరుగుతున్నాయి కనక ఆ ఒరుగూ ఉండదు. పక్క కంపెనీల బండ్లు ఆగి ఉన్నప్పుడు కూడా కూర్చున్నవాళ్ళ దవడలు అదిరే రోజుల్లో ఇది నిలకడగా నడిచింది.

దీన్ని ఎవరూ కాపీ కొట్టలేదు. కొట్టాలంటే మొత్తం కొట్టాలి. ఇంజను బండి మధ్యలో ఉండాలి. దాని పక్కన, మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే ఎపిసైక్లిక్ గేర్‌బాక్సు, అక్కడినుంచి వెనక ఇరుసుకి మర ఆకారపు వర్మ్ గేరు. ఆ వర్మ్ పళ్ళు కోసే యంత్రం కూడా లాంచెస్టరే గీసుకున్నాడు. ఒక్కటి మార్చబోతే పక్కదానికి చోటు చాలదు. అదే సమయంలో ఫ్రాన్సులో పన్హార్డ్ వాళ్ళు స్థిరపరచిన అమరిక చూడండి: ముందు ఇంజను, తర్వాత క్లచ్చు, తర్వాత గేర్‌బాక్సు, వెనక చక్రాలకి చోదన. మొరటు పనే, కానీ దేని పెట్టె దానిదే. క్లచ్చు నచ్చకపోతే ఇంకొకడి క్లచ్చు పెట్టుకోవచ్చు. అందులో ఏ భాగమూ లాంచెస్టర్ భాగానికి సాటి రాదు. అయినా లోకం ఆ దారినే పోయింది.

స్ప్రింగుల సంగతీ ఇంతే. మామూలు బండిలో పట్టీల స్ప్రింగు రెండు పనులు చేస్తుంది: బరువు మోస్తుంది, ఇరుసు ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టుకుంటుంది. లాంచెస్టర్ ఆ రెండో పనిని విడిగా రాడ్లకి అప్పగించి, స్ప్రింగుని స్ప్రింగుగా మాత్రమే ఉంచాడు. అప్పుడు దాన్ని ఎంత మెత్తగా కావాలంటే అంత మెత్తగా చేయొచ్చు. ఎంత మెత్తగా అన్నదానికి అతను పెట్టుకున్న కొలబద్ద మనిషి నడక. మనిషి నడుస్తున్నప్పుడు తల ఎంత వడిగా పైకీ కిందికీ ఊగుతుందో బండీ అంతే వడిగా ఊగాలి, ఎందుకంటే ఆ ఊపు శరీరానికి అలవాటైనది. నిమిషానికి 90 సార్లు అడుగు వేసే నడక అనుకుంటే సెకనుకి ఒకటిన్నర ఊపు. అది రావాలంటే బండి బరువు మీద పడినప్పుడు స్ప్రింగు సుమారు 11 సెంటీమీటర్లు కుంగాలి. సెకనుకి ఒక్క ఊపే కావాలంటే 25 సెంటీమీటర్లు. ఈ లెక్క ఈనాటికీ సస్పెన్షన్ గీసేవాళ్ళ మొదటి పేజీలో ఉంటుంది, అతని పేరు మాత్రం ఉండదు.

కొలతలు, అప్పులు

1899 చివర్లో లాంచెస్టర్ ఇంజన్ కంపెనీ ఏర్పడింది, బర్మింగ్‌హామ్ స్పార్క్‌బ్రూక్‌లో కార్ఖానా పెట్టారు. తమ్ముడు జార్జ్ కూడా పనిలో దిగాడు. ప్రతి భాగాన్నీ గేజితో తనిఖీ చేయాలన్నది అక్కడి నియమం. ఒక రంధ్రానికి రెండు గేజిలు: ఒకటి దూరాలి, ఇంకోటి దూరకూడదు. ఆ రెండూ కుదిరితే ఆకురాయి పట్టకుండానే ఆ భాగం ఏ కారుకైనా సరిపోతుంది. అప్పటి బ్రిటన్‌లో కారంటే ఫిట్టరు ఒక్కో భాగాన్నీ ఆకురాయితో అరగదీసి ఒద్దిక చేసేదే. పక్క కారు భాగం ఈ కారుకి పట్టదు. బాడీలు కట్టే బండి పనివాళ్ళు ఈ కొలతలకి పనిచేయలేకపోవడంతో లాంచెస్టర్ బాడీ విభాగాన్ని కూడా తన కప్పు కిందే పెట్టాడు.

ఇంజనీరుగా ఇది గొప్ప పని. వ్యాపారిగా చూస్తే ఇక్కడే గొయ్యి ఉంది. అన్నీ లోపలే చేస్తే డబ్బంతా సగం తయారైన భాగాల రూపంలో అరల్లో కూర్చుంటుంది. గేజిలకి, కటింగ్ యంత్రాలకి ఖర్చు ముందే పెట్టాలి, అది తిరిగి రావాలంటే వేలల్లో కార్లు అమ్మాలి. వీళ్ళు అమ్మింది వందల్లో. 1904లో కంపెనీ రిసీవరు (అప్పులవాళ్ళ తరఫున పెట్టే అధికారి) చేతికి వెళ్ళింది, అదీ ఆర్డర్లు చేతినిండా ఉండగా. కొనేవాళ్ళు లేక మునిగిన కంపెనీ కాదది, పెట్టుబడి చాలక మునిగింది. మరుసటి ఏడు కొత్త పేరుతో లేచింది, లాంచెస్టర్ మాత్రం మునుపటిలా యజమాని కాలేకపోయాడు.

ఇంకో చిన్న సంగతి. బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ 1902లో లాంచెస్టర్ కారు కొన్నాడు. అది దారిలో పదేపదే ఆగిపోయేది, ఆయన కంపెనీని తిట్టిపోస్తూ ఉండేవాడు. అదురు లేని కారంటే ఆగని కారు అని కాదు. లాంచెస్టర్ భక్తులు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. ఉదాహరణకి అతను చాలా ఏళ్ళు వదలని వత్తి కార్బురేటరు. పెట్రోలులో నానిన వత్తుల మీదుగా గాలి పోతూ ఆవిరిని తీసుకుపోతుంది. సన్న రంధ్రం లేదు కనక మట్టి అడ్డుపడే బెడద లేదు, మంచి గుణమే. కానీ పెట్రోలులో తేలిక భాగం ముందు ఆవిరైపోయి బరువు భాగం అడుగున మిగులుతుంది. వాతావరణం చల్లబడితే ఆవిరి తగ్గుతుంది. పెట్రోలు రకం మారితే మిశ్రమం మారుతుంది. సన్న రంధ్రంలోంచి పెట్రోలు చిమ్మే జెట్ కార్బురేటరుకి మట్టి పడితే విప్పి ఊదితే సరిపోతుంది. వత్తి మొరాయిస్తే పెట్రోలునే మార్చాలి.

6.9 మిల్లీమీటర్లు

ఇప్పుడు బతికినవాటి దగ్గరికి వద్దాం. 1904లో లాంచెస్టర్ తన రెండు క్రాంకుల ఇంజనుని పక్కనపెట్టి, అందరిలాగే ఒకే క్రాంకు మీద నాలుగు సిలిండర్లు నిలబెట్టి 20 హార్స్‌పవర్ కారు తెచ్చాడు. అదురు తిరిగొచ్చింది.

నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండు పిస్టన్లు పైకి పోతే రెండు కిందికి వస్తాయి, కాబట్టి సరితూగుతుంది అని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. క్రాంకు వ్యాసార్ధం 45 మిల్లీమీటర్లు, రాడ్డు పొడవు 150 అనుకోండి. పిస్టను ప్రయాణం 90. క్రాంకు పై నుంచి సరిగ్గా పావు చుట్టు తిరిగినప్పుడు పిస్టను సగం దూరం, అంటే 45 రావాలి కదా. రాదు. రాడ్డు పక్కకి వాలుతుంది కనక ఇంకాస్త కిందికి లాగి 51.9 దగ్గరుంటుంది. రెండు పిస్టన్లు పైన, రెండు కింద ఉన్నప్పుడు నాలుగింటి సగటు స్థానం 45. పావు చుట్టు తర్వాత నాలుగూ 51.9 దగ్గర ఉంటాయి. మరో పావు చుట్టుకి మళ్ళీ 45. అంటే నాలుగు పిస్టన్ల మొత్తం గరిమనాభి చుట్టుకి రెండుసార్లు 6.9 మిల్లీమీటర్లు కిందికీ పైకీ ఊగుతోంది. క్రాంకుకి ఎన్ని కౌంటర్ వెయిట్లు తగిలించినా ఇది పోదు, ఎందుకంటే అవి చుట్టుకి ఒకసారే తిరుగుతాయి.

ఒక్కో పిస్టను, దానితో ఊగే రాడ్డు భాగం కలిపి 0.6 కిలోలనుకుంటే, నిమిషానికి 3000 చుట్ల దగ్గర ఈ బలం సుమారు 3200 న్యూటన్లు. 6000 దగ్గర దానికి నాలుగింతలు, అంటే 1300 కిలోల బరువు సెకనుకి 200 సార్లు ఇంజనుని పైకి ఎత్తి కిందికి తోస్తున్నట్టు. 1000 చుట్ల దగ్గర చూస్తే 360 న్యూటన్లకి మించదు. అందుకే తొలినాళ్ళ నిదానపు ఇంజన్లలో దీన్ని పట్టించుకునే అవసరం చాలామందికి రాలేదు.

1910కి అటూ ఇటూ లాంచెస్టర్ దీనికి చూపిన పరిష్కారం ఇది. క్రాంకు కింద రెండు చిన్న షాఫ్టులు, ఒక్కోదానికి ఒక పక్కన బరువు. రెండూ క్రాంకుకి రెట్టింపు వేగంతో, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. బరువులు రెండూ ఒకేసారి పైకి వస్తాయి, ఒకేసారి కిందికి పోతాయి. పక్కలకి వచ్చినప్పుడు ఒకటి ఎడమ, ఒకటి కుడి, కనక ఆ లాగుళ్ళు రద్దయి నిలువు బలం మాత్రమే మిగులుతుంది. అది పిస్టన్ల ఊపుకి సరిగ్గా ఎదురు. మన ఉదాహరణలో ఒక్కో షాఫ్టుకి కావలసింది 20 మిల్లీమీటర్ల దూరంలో 200 గ్రాముల బరువు, అంతే.

ఇక్కడ గమనించాల్సింది, ఎదురెదురుగా తిరిగే జత అన్నది ఆ 1897 ఇంజనులోని ఆలోచనే. అక్కడ అది ఇంజను ఎముకల్లో కలిసిపోయి ఉంది. ఇక్కడ ఒక చిన్న పెట్టెగా విడివడింది. ఎవడి ఇంజను కిందైనా బిగించుకోవచ్చు. 1920ల్లో బ్రిటిష్ కంపెనీ వాక్సాల్ తన నాలుగు సిలిండర్ల కారుకి బిగించుకుంది. చాలా ఏళ్ళ మరుగు తర్వాత 1975లో మిత్సుబిషి సైలెంట్ షాఫ్ట్ పేరుతో దాన్ని మళ్ళీ తెచ్చింది. వాళ్ళు చేర్చిన మెరుగు, రెండు షాఫ్టుల్నీ ఒకే ఎత్తులో కాకుండా ఒకటి పైన, ఒకటి కింద పెట్టడం. దాంతో ఇంజను పక్కకి ఒరిగే కుదుపు కూడా తగ్గుతుంది. పోర్షా 944 రెండున్నర లీటర్ల ఇంజను కోసం ఆ పేటెంటుకి లైసెన్సు కొనుక్కుంది.

బిగించడం తేలికే, తప్పు బిగించడం ఇంకా తేలిక. రెండు షాఫ్టులూ అర చుట్టు తప్పితే అదురు పోవడానికి బదులు రెట్టింపవుతుంది. ఒక్కటే అర చుట్టు తప్పితే నిలువు అదురు అలాగే ఉండి, అంతే బలమైన అడ్డపు అదురు కొత్తగా చేరుతుంది. మిత్సుబిషి 4జీ63 ఇంజనులో ఒక షాఫ్టుని ఆయిల్ పంపు గేరు తిప్పుతుంది. అక్కడ పుల్లీ గుర్తులు సరిగ్గా కలిసినా లోపలి షాఫ్టు అర చుట్టు తప్పి ఉండే అవకాశముంది. అందుకే బ్లాకు పక్కనున్న ప్లగ్గు విప్పి 8 మిల్లీమీటర్ల స్క్రూడ్రైవరు దూర్చి చూడాలి. 60 మిల్లీమీటర్లు లోపలికి వెళితే సరే. 20, 25 దగ్గర ఆగిపోతే పంపు పుల్లీని ఒక చుట్టు తిప్పి గుర్తులు మళ్ళీ కలపాలి. ఈ పని ఎగ్గొట్టి ఇంజను మౌంటులు మార్చుకుంటూ కూర్చునే మెకానిక్కులున్నారు.

షాఫ్టులు తీసేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ కారణం కొట్టిపారేసేది కాదు. ఆ ఇంజనులో బ్యాలెన్స్ షాఫ్టు బెల్టు తెగితే ముక్కలు పోయి టైమింగ్ బెల్టులో చిక్కుకుంటాయి, కవాటాలు వంగిపోతాయి. తీసేస్తే ఆ భయం పోతుంది, కాస్త శక్తీ మిగులుతుంది. అయితే షాఫ్టు బేరింగులకి వెళ్ళే నూనె రంధ్రాలు మూయకపోతే ఆయిల్ ప్రెషరు పడిపోతుంది, తక్కిన బేరింగులు పోతాయి. మామూలుగా చేసేది ఆ బేరింగుని తిప్పి బిగించి రంధ్రం దాని గోడకి మూసుకుపోయేలా చూడడం. లాంచెస్టర్ పెట్టె విప్పి పక్కన పెట్టినా ఇంజను నడుస్తుంది, అదురుతూ అయినా సరే. నా వాదనకి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

క్రాంకు మెలి

1909లో లాంచెస్టర్ ఇంగ్లండులోని డైమ్లర్ కంపెనీకి సలహాదారుగా చేరాడు, ఆ ఉద్యోగం 1929 దాకా సాగింది. అప్పటికి ఆరు సిలిండర్ల ఇంజన్లు కొందరి కొంప ముంచుతున్నాయి. సరితూకంలో వాటికి వంక పెట్టడానికి లేదు. కానీ వాటి క్రాంకు పొడవాటిది. ప్రతి మంటకీ తడిబట్ట పిండినట్టు కాస్త మెలి తిరిగి, మళ్ళీ విప్పుకుంటుంది. ఆ మెలికి ఒక సహజ వేగం ఉంటుంది. సెకనుకి 150 అనుకుందాం. ఆరు సిలిండర్ల ఇంజను చుట్టుకి మూడుసార్లు మండుతుంది కనక నిమిషానికి 3000 చుట్ల దగ్గర మంటలూ మెలీ శ్రుతి కలుస్తాయి. 1500 దగ్గర ఇంకో శ్రుతి. ఆ వేగం దగ్గర ఇంజను గరగరమని మూలుగుతుంది. అక్కడే ఎక్కువసేపు నడిపితే క్రాంకు విరుగుతుంది.

1910 నాటి పేటెంటులో లాంచెస్టర్ ఇచ్చిన మందు: క్రాంకు ముందు కొసన ఒక చిన్న ఫ్లైవీలు పెట్టు, గట్టిగా బిగించకు, జారే పళ్ళేల మధ్య పట్టి ఉంచు. క్రాంకు నిలకడగా తిరిగినంతసేపూ అదీ కలిసి తిరుగుతుంది. క్రాంకు కొస ముందుకీ వెనక్కీ వణికితే ఫ్లైవీలు తన వేగం వదలదు, రెంటి మధ్యా రాపిడి పుడుతుంది, వణుకులోని శక్తి వేడిగా మారి పోతుంది. రోల్స్ రాయిస్ కంపెనీ రాయిస్ కూడా దాదాపు ఇదే దారిలో తన ఇంజన్లకి జారే ఫ్లైవీలు పెట్టుకున్నాడు కనక ముందెవరన్న తగువు ఇప్పటికీ ఉంది. నాకు ఆ తగువు కంటే పట్టు ఎంత ఉండాలన్న ప్రశ్న ఆసక్తిగా ఉంటుంది. మరీ గట్టిగా పడితే ఫ్లైవీలు క్రాంకుకి అతుక్కుపోతుంది, రాపిడి లేదు, పైగా బరువు పెరిగి శ్రుతి కలిసే వేగం కిందికి జారుతుంది. మరీ వదులైతే రాపిడే పుట్టదు. రెంటి నడుమ ఒక్క చోట మాత్రమే వణుకు కనిష్ఠం.

ఇప్పటి కార్లలో ఆ రాపిడి పళ్ళేల స్థానంలో రబ్బరు పట్టీ వచ్చింది. క్రాంకు పుల్లీ అని మనం పిలిచేది నిజానికి రెండు ఇనుప వలయాల మధ్య రబ్బరు. నూనె కారి రబ్బరు ఉబ్బినా, ఏళ్ళు గడిచి ఎండినా బయటి వలయం జారుతుంది. దానిమీదున్న టైమింగు గుర్తు కూడా జారుతుంది. పాత ఇంజన్లలో ఆ గుర్తు చూసి ఇగ్నిషన్ సరిచేసినవాడు బాగున్న ఇంజనుని పాడుచేస్తాడు. కనిపెట్టే ఉపాయం తేలిక: లోపలి వలయం, రబ్బరు, బయటి వలయం మీదుగా ఒకే గీత పెయింటుతో గీసి కొన్నాళ్ళు నడపండి. గీత తెగితే పుల్లీ పోయినట్టే. విప్పేటప్పుడు పుల్లరుని బయటి అంచుకి తగిలిస్తే రబ్బరు చిరుగుతుంది, మధ్య భాగంలోని మర రంధ్రాలకే తగిలించాలి. లారీల పెద్ద డీజిల్ ఇంజన్లలో రబ్బరుకి బదులు మూసిన డబ్బాలో చిక్కటి సిలికాన్ నూనె, దానిలో తేలే వలయం ఉంటాయి. లోపలి సందు మిల్లీమీటరులో చిన్న భాగం. సుత్తి తగిలి డబ్బా సొట్టపడితే వలయం పట్టేస్తుంది. బయటికి ఏమీ తెలియదు, కొన్నాళ్ళకి క్రాంకు విరిగాక తెలుస్తుంది.

డైమ్లర్‌లో ఉన్న ఈ రోజుల్లో లాంచెస్టర్ చేతిలో సొంత కార్ఖానా లేదు. మొత్తం కారు గీసే అధికారం లేదు. ఇంకొకరి ఇంజను జబ్బుకి మందివ్వడమే పని. నా లెక్కలో అతని అత్యంత ఫలవంతమైన కాలం ఇదే. మరోపక్క అతని పేరున్న కంపెనీ డైరెక్టర్లు అందరిలాంటి పొడుగు బానెట్టు కారు కావాలని పట్టుబట్టారు. అతను 1913లో బోర్డు వదిలేశాడు. 1914లో తమ్ముడు జార్జ్ ఆ మామూలు రకం కారు తెచ్చాడు.

డిస్కు బ్రేకు ఒప్పుకోదు

ఇక నా వాదనకి అడ్డం వచ్చేవి. మొదటిది డిస్కు బ్రేకు. అది విప్పి తీసుకోగలిగిన వస్తువే. 1902 పేటెంటులో పలుచటి లోహపు బిళ్ళ, దాని అంచుని రెండు పక్కలనుంచీ నొక్కే దవడలు, అన్నీ ఉన్నాయి. అయినా ఎవరూ తీసుకోలేదు. 1953లో డన్‌లప్ డిస్కులతో జాగ్వార్ లె మాన్ కార్ల పందెం గెలిచేదాకా, 1955లో సిట్రోయెన్ డీఎస్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ కారణం వస్తువు. లాంచెస్టర్ దవడలకి వాడింది రాగి జాతి లోహం. లోహం మీద లోహం రాసుకుంటే కీచుమంటుంది, దుమ్ము రోడ్ల మీద త్వరగా అరిగిపోతుంది. ఆస్‌బెస్టాస్ లైనింగులు తర్వాత వచ్చాయి. అవి వచ్చినా డ్రమ్ము బ్రేకుకి ఇంకో సౌకర్యం ఉంది: తిరుగుతున్న డ్రమ్ము తనే షూని లోపలికి లాక్కుంటుంది కనక కాలి బలం తక్కువ సరిపోతుంది. డిస్కుకి ఆ సాయం లేదు. హైడ్రాలిక్ గొట్టాలు, పవర్ సాయం వస్తే తప్ప కాలితో ఆపడం కష్టం. కాబట్టి ఇక్కడ "కాలం కంటే ముందు" అన్న తీర్పు సరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ దానికి కాలం కాదు, రాగికి బదులు ఏం పెట్టాలన్నది అడ్డు. ఎపిసైక్లిక్ గేరుకి ఆ అడ్డు లేదు.

ఆ గేరు తీసుకొచ్చేది రెండో ఇబ్బంది, ఫోర్డు మోడల్ టీ. 1908లో వచ్చిన ఆ కారులోనూ ఎపిసైక్లిక్ గేర్‌బాక్సే. మూడు పెడళ్ళ వింత నడక. ఏ భాగమూ ఇంకొకడి కారుకి పట్టదు. గేజిల పట్టుదలా అంతే. లాంచెస్టర్ చేసిన ప్రతి "తప్పూ" ఫోర్డు చేశాడు, కోటిన్నర కార్లు అమ్మాడు. అయితే కలగలిపి గీయడం తప్పు కాదన్నమాట. దాని వెనక డబ్బూ సంఖ్యా ఉంటే లోకమే ఆ కారుకి అనుగుణంగా మారుతుంది. పెడళ్ళు ఎంత వింతవైనా అన్ని లక్షల మంది నేర్చుకుంటే అది వింత కాదు. ఈ అభ్యంతరానికి నా వాదన సగం లొంగుతుంది. విప్పుకోగలగడం డబ్బు లేనివాడి ఆలోచనకి కావలసిన అర్హత, డబ్బున్నవాడికి అక్కర్లేదు.

మూడోది మరీ సూక్ష్మమైనది. పెట్టెలా విడివడినదానికి పేరు అంటుకుని ఉంటుంది, అందుకే దాని జాడ మనకి దొరుకుతుంది. గేజిలతో కారు కట్టడం, స్ప్రింగుని ఇరుసు పట్టు నుంచి విడదీయడం లాంటివి ఎవరి పేరూ లేకుండా నెమ్మదిగా వ్యాపించాయి. అవి పోలేదు, కలిసిపోయాయి. బహుశా నేను బతికినవి లెక్కపెట్టడం లేదేమో, పేరున్నవి మాత్రమే లెక్కపెడుతున్నానేమో. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే ఆ స్ప్రింగు లెక్క ఎవరికి వారు మళ్ళీ మొదటినుంచి కనిపెట్టుకున్నారా, లాంచెస్టర్ కారు చూసి నేర్చుకున్నారా అన్నది తేలకుండా దాన్ని అతని ఖాతాలో వేయడం కుదరదు.

గాలిలో రెక్క సిద్ధాంతానికీ ఇదే గతి పట్టింది. 1894లో బర్మింగ్‌హామ్ సభలో చదివాడు. 1897లో లండన్ ఫిజికల్ సొసైటీ ఆ పత్రాన్ని తిప్పి పంపింది. సొంత పదాలతో, సొంత బొమ్మలతో నిండిన ఆ రాత చదవడం ఇప్పటికీ కష్టమే. రెక్క చివరల సుడులకీ ఎత్తే బలానికీ ఉన్న సంబంధాన్ని గోటింగెన్‌లో ప్రాంట్ల్ అనే జర్మన్ శాస్త్రవేత్త సమీకరణంగా రాశాక, అది ఏ విమానం గీసేవాడైనా కాగితం మీద పెట్టుకోగలిగే వస్తువైంది. యుద్ధంలో బలగాల సంఖ్య వర్గంగా (దాన్ని దానితోనే గుణించినట్టు) పనిచేస్తుందన్న అతని 1914 సూత్రం మాత్రం పుట్టుకతోనే సమీకరణం. దాన్ని సైన్యాలు, తర్వాత నిర్ణయాలకి లెక్కలు కట్టే ఆపరేషన్స్ రీసెర్చి వాళ్ళు ఎత్తుకుపోయారు.

ఎలక్ట్రిక్ మోటారు కారులో

ఎలక్ట్రిక్ కారులో పైకీ కిందికీ ఊగే పిస్టను లేదు. మంటల మధ్య మెలి తిరిగే పొడవాటి క్రాంకూ లేదు. అంటే అతను బతికించిన రెండు పెట్టెలకీ అక్కడ పని లేదు. పని ఉన్నవి తక్కినవి. బండి ముందుభాగాన్ని ఇంజను ఆక్రమించదు కనక మనుషులు ముందుకి జరిగి కూర్చోవచ్చు, లాంచెస్టర్ 1900 ప్రాంతంలో కూర్చోబెట్టినట్టు. కొన్ని మోటార్ల తగ్గింపు గేరు ఎపిసైక్లిక్. బ్యాటరీ బరువు నేలలో పరిచి ఉంది కనక స్ప్రింగు ఎంత మెత్తగా ఉండాలన్న లెక్క మళ్ళీ మొదటినుంచి వేయాల్సి వస్తోంది. మోటారు, గేరు, ఇన్వర్టరు ఒకే పెట్టెలో, ఇంకొకడి కారుకి పట్టని విధంగా గీస్తున్నారు, అదీ చేతినిండా పెట్టుబడితో. 1904లో లాంచెస్టర్‌కి లేనిది అదొక్కటే. ఈ కార్లు పూర్తిగా నిలబడిపోతే నేను పైన చెప్పినదాంట్లో బతికినవాటి జాబితా, పోయినవాటి జాబితా తారుమారవుతాయి. విప్పుకోగలగడం అన్న అర్హత పిస్టను ఇంజను ఉన్నన్నాళ్ళు మాత్రమే పనిచేసిందేమో అన్న అనుమానం నాకు ఇంకా తీరలేదు.